కడిగి ఇచ్చిన పాల కవర్ల వెంట

పక్క ఫ్లాట్ రమాదేవి గారు అడగకపోతే నేను ఈ ప్రయాణం చేసేదాన్ని కాదు. రాజమహేంద్రవరంలో మా అపార్ట్‌మెంట్‌లో నలభై ఇళ్లున్నాయి. పాల కవర్లు, నూనె ప్యాకెట్లు కడిగి ఆరబెట్టి విడిగా ఇవ్వాలని మూడేళ్లుగా అందరి వెంటా పడింది నేనే. వారానికోసారి ఒక ప్రైవేటు వ్యాను వచ్చి సీసాలు, అట్టలతో పాటు వాటినీ తీసుకెళ్తుంది. "ఇంత కష్టపడుతున్నాం. అవి ఎక్కడికి పోతున్నాయో ఎప్పుడైనా చూశారా మేడమ్?" అన్నారావిడ. చూడలేదు. వ్యాను డ్రైవర్ని అడిగితే మండపేట దారిలో ఉన్న ఒక షెడ్డుకి గుర్తులు చెప్పాడు.

శనివారం ఉదయం ఏడూ నలభైకి మండపేట బస్సెక్కాను. పక్క సీట్లో పూలబుట్ట పెట్టుకున్నావిడ ఎక్కడికని అడిగింది. చెత్త చూడ్డానికన్నాను. "దానికింత దూరమెందుకండి, మా వీధిలో దిగితే చూపిద్దును" అంది నవ్వుతూ. ద్వారపూడి దాటాక దిగి, స్టాపు దగ్గర రెండు ఇడ్లీలు తిని, ఆటోలో పది నిమిషాలు వెళ్లాను.

షెడ్డు పంట కాలువ గట్టు మీదే ఉంది. నలుగురు ఆడవాళ్లు నేల మీద కూర్చుని చెత్త వేరు చేస్తున్నారు. నీళ్ల సీసాలు, అట్టపెట్టెలు, ఇనుము మూటలు కట్టి లారీకి సిద్ధంగా ఉన్నాయి. అది చూసి నిజంగా సంతోషించాను. కవర్ల మూట మాత్రం ఒక్కటీ కనబడలేదు. యజమానిని అడిగాను.

"కవర్లు ఇక్కడెవరూ కొనరండి."

"మరి మా దగ్గర ఎందుకు తీసుకుంటున్నారు?"

"తీసుకోకపోతే మీరు సీసాలు కూడా ఇవ్వరు కదండీ" అన్నాడు, ఏమాత్రం తడబడకుండా.

షెడ్డు వెనక్కి నడిచాను. సగం కాలిన కవర్ల కుప్ప గట్టు మీంచి జారి నీళ్లలోకి దిగి ఉంది. అందులో మా అపార్ట్‌మెంట్ సంచి కూడా ఉంది. దాని మీద 'కడిగినవి' అని మార్కరుతో రాసింది నేనే.

కింద రేవులో వీర్రాజు అనే పెద్దాయన వల దులుపుతున్నాడు. నాలుగు జెల్ల చేపలు, దోసెడు కవర్లు పడ్డాయి.

"ఎవరు పారేస్తారో గానండి, శుభ్రంగా కడిగి మరీ పారేస్తారు" అన్నాడు.

"మేమేనండి" అన్నాను.

ఆయన నా వంక ఒకసారి చూసి, మళ్లీ వలలోంచి కవర్లు ఏరుకోవడం మొదలుపెట్టాడు. తిట్టి ఉంటే బాగుండేది. నేనూ కూర్చుని కాసేపు ఏరాను.

తిరిగి షెడ్డులోకి వెళ్లి, కుప్ప తీయించకపోతే సీసాలు కూడా రావని చెప్పాను. "మీ ఇష్టమండి, మీరు కాకపోతే ఇంకో అపార్ట్‌మెంటు" అన్నాడు యజమాని. ఫోటోలు తీసుకుని బయటికొచ్చేశాను.

పదకొండున్నరకి తిరుగు బస్సు దొరికింది. సీసా, అట్ట, ఇనుము మళ్లీ ఏదో ఒక వస్తువవుతాయి. ఆ మేలు నిజమే, కాదనను. పాల కవరు మాత్రం ఎంత కడిగినా పాల కవరే. ఆ మాట దాచి షెడ్డువాళ్లు ఆ నలుగురు ఆడవాళ్ల కష్టాన్నీ, మా నలభై ఇళ్ల నమ్మకాన్నీ అమ్ముకుంటున్నారు. ఎక్కడికి పోతున్నాయని అడక్కుండా నేనూ మూడేళ్లు వాళ్లకి సాయం చేశాను. కోపమంతా వాళ్ల మీదే కాదు.

బస్సులోంచే రమాదేవి గారికి ఫోన్ చేసి అంతా చెప్పాను.

"మరి రేపటి పాలు?" అన్నారావిడ.

"గిన్నె పట్టుకుని విడిపాలు పోసే పాలాయన దగ్గరికెళ్దామండి. ఇద్దరమూ."