రెండు గదులకు ఒకే సాఫ్ట్‌వేర్

ఒకే చీపురుతో వాకిలీ వంటిల్లూ ఊడ్చినట్టు, సైనికుల శిక్షణ గదికీ కొత్త ఆయుధాల పరీక్ష గదికీ ఒకే సాఫ్ట్‌వేర్ చాలని పెద్దలు తేల్చారు. మధ్యలో అడకత్తెరలో పోకచెక్క కంప్యూటరాయన. వెదురుబద్దలాంటి మనిషి; ఒళ్లు మండితే కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుస్తాడు, ఆ అద్దాలు అరిగిపోవాల్సిందే. పొద్దున కొత్త సైనికుల కోసం తెరమీది శత్రు ట్యాంకులను నత్తల్లా నడిపించాలి, మధ్యాహ్నం పరీక్షకు అసలు వేగానికి తేవాలి. నిన్న ఆయన భోజనానికి వెళ్లినప్పుడు శిక్షణ మేజరు చెప్పాపెట్టకుండా వేగం తగ్గించి పోయాడు. ఆ నత్తల మీద కొత్త గురి పరికరం పదికి పది కొట్టింది. పరీక్షాధికారి మురిసిపోయి సంతకం గీకేశాడు.

"ఇది చెల్లదు సార్, పరీక్ష మళ్లీ పెట్టాలి," అన్నాడు ఇవాళ ఆ తగ్గించిన వేగం కనిపెట్టిన కంప్యూటరాయన.

"సంతకమైపోయిందయ్యా. ఇప్పుడెవరికి తెలుస్తుంది?"

"ఆ పరికరం నమ్ముకుని ట్యాంకులో కూర్చునేవాడికి తెలుస్తుంది. మా చెల్లెలి మొగుడు ట్యాంకులోనే పనిచేస్తాడు సార్."

అధికారి గొణుక్కుంటూ కుర్చీ లాక్కున్నాడు. అసలు వేగంతో మళ్లీ పెడితే తెరమీద పది గుండ్లలో ఏడు మట్టిలో పడ్డాయి. ఆయన ముఖం మాడ్చుకుని తన సంతకం తానే కొట్టేసుకున్నాడు.

"రెండు గదులకూ ఒకటే అయితే ఇలా అవుతుందని ముందే చెప్పొద్దూ?"

"చెబుతూనే ఉన్నా సార్, ఎనిమిది నెలలుగా."