లీటరు నీళ్ళ కాపలా

మా ఆయన ముప్ఫై ఏళ్ళు ఈ హిందీవాళ్ళ ఊళ్ళో స్టీల్ ప్లాంటులో ఫర్నేసు దగ్గర పనిచేసి రిటైరయ్యారు. అక్కడ ఎవరికి కళ్ళు తిరిగినా ముందు నీళ్ళు పట్టిస్తారు. అందుకే ఆ వేసవిలో నాకు తల దిమ్మెక్కి మాట తడబడుతుంటే, వడదెబ్బేనని చెంబుల కొద్దీ తాగించారు. తాగినకొద్దీ నాకు మతి తప్పింది. ఒక పొద్దున ఆయన్నే పట్టుకుని, భయ్యా, మీరెవరు అని అడిగానట. నలభై ఏళ్ళ కాపురానికి ఆయనకు దక్కిన మర్యాద అది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. ఒంట్లో నీటిని పట్టి ఉంచే హార్మోను నాకు మితిమీరి ఊరుతోందట. నీరు బయటికి పోక, రక్తంలో ఉప్పు పలచబడి, మెదడు వాస్తోందట. ఇక రోజుకి లీటరే, టీ, చారు, మజ్జిగ అన్నీ అందులోనే. మళ్ళీ ఉప్పు పడిపోతే ఫిట్సు వచ్చి ప్రాణం మీదికి రావచ్చంది. ఆయన గోడకి చేరబడి, "అయితే నానే నిన్ను సంపీసీవోణ్ణి" అన్నారు.

ఆ రోజు నుంచి ఇల్లు నాకు జైలు. వంటా ఆయనే చేసేవారు. పొద్దున్నే సీసా నింపి నా ముందు పెట్టి, వంటింటికి తాళం వేసేవారు. సుపేలా బజారుకైనా వెళ్దామంటే, దారంతా చెరుకురసం బళ్ళేనని వద్దనేవారు. పక్క క్వార్టరు దీదీ వస్తే, చేతిలో పుచ్చకాయ ముక్కలున్నాయేమోనని గుమ్మంలోనే చూసేవారు. మే నెల ఎండకి నా నాలుక అంగిట్లో అతుక్కుపోయేది. కూలర్లో నీళ్ళ చప్పుడు వింటే ఏడుపొచ్చేది. ఆ మనిషిని చూస్తే ఒళ్ళు మండేది.

ఒక మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుంటే స్నానాలగదిలో దూరి, బకెట్లో మగ్గు ముంచాను. ఒక్క గుక్క పడిందో లేదో, గుమ్మంలో ఆయన.

"ఏటి సేస్తన్నావే?"

"మీకేటి, కడుపు నిండా తాగుతున్నారు. నా గొంతెండితే మీకేటి తెలుస్తాది?" అని మగ్గు గోడకేసి కొట్టాను.

ఆయన తడిసిన నేల తుడిచి వెళ్ళిపోయారు.

అది జరిగిన నాలుగో రోజు, భోజనం చేసి లేవబోతూ ఆయన కూలబడ్డారు. రెండు పిక్కలూ రాళ్ళలా బిగుసుకుపోయాయి. ఫర్నేసు మనిషి పెళ్ళాన్ని, అది నీళ్ళు చాలక పట్టే బిగువని నాకొకరు చెప్పక్కర్లేదు. పెదాలు చూశాను, పగిలి ఉన్నాయి. రోజుకెన్ని నీళ్ళు తాగుతున్నారని నిలదీశాను.

"నీతోపాటే. లీటరు" అన్నారు, తప్పు చేసినవాడిలా.

నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన జేబులోంచి తాళంచెవి లాక్కుని వంటింటి తలుపు తీశాను. కుండ మూత ఎత్తాను. గ్లాసు ముంచి, ఒక్క చుక్క నోట వేసుకోకుండా తెచ్చి, ఆయన తల ఒళ్ళో పెట్టుకుని తాగించాను. ఆయన గుటక వేసినప్పుడల్లా నా గొంతు కూడా కదిలింది.