గేటు లేని చోట ఆగిన ఎద్దులు

డెబ్బైల నాటి మాట. గోదావరిఖని దగ్గర పీకేసిన పాత బొగ్గు రైలు లైను ఎటు పోయేదో, విమానం నుంచి తీసిన ఫోటోలు పట్టుకుని గుర్తించి రమ్మని మా సర్వే ఆఫీసు నన్ను పంపింది. ఫోటోలో సన్నని తెల్లగీత చక్కగా వచ్చి జొన్నచేల దగ్గర మాయమైంది. అక్కడ ఎవర్ని "రైలు లైను ఎక్కడ?" అని అడిగినా ఒకటే జవాబు: "టేషన్ గటున్నది సారూ, జల్ది పో, బండి దొరుకుతది." మూడోసారి విన్నప్పుడు ఫోటో చింపేయాలనిపించింది.

ఎండకు తాళలేక, అటుగా పోతున్న ఒక ముసలి రైతు ఎడ్లబండి ఎక్కాను. విసుగుతో ఆయన్ని ఏమీ అడగలేదు. కాస్త దూరం పోయాక బండి చేల మధ్య ఆగిపోయింది. ముందు అడ్డమేమీ లేదు. రైతు తీరిగ్గా బీడీ ముట్టించాడు.

"తోలవేంటి పెద్దాయనా?" అని కసిరాను.

"తోలినా పోవు సారూ. ఈడ రైలు గేటుండె. పీకేసి నాలుగేండ్లాయె. గా ముచ్చట వీటికెవరు చెప్పాలె?"

గబుక్కున దిగి కాలితో మట్టి గీకాను. కింద నల్లకంకర, బొగ్గుపొడి. నేను ఫోటో మీద పెన్సిల్‌తో గుర్తు పెడుతుండగానే ఎద్దులు వాటంతటవే కదిలాయి. లేని రైలు వెళ్లిపోయిందన్నమాట! పరిగెత్తి బండెక్కాల్సి వచ్చింది.

రిపోర్టులో 'ఆధారం' అన్నచోట 'ఎద్దులు' అని రాశాను. మా ఆఫీసరు అది కొట్టేసి 'స్థానికుల సమాచారం' అని దిద్దాడు.

స్థానికులట! వాళ్లు నన్ను మూడుసార్లు స్టేషనుకు పంపారు.