తూటాలో విభూది

మధ్యాహ్నం ఎయిర్‌పోర్టులో నా చేతి బ్యాగు స్కానింగ్ మెషీన్‌లోకి వెళ్లి ఎంతకీ బయటికి రాలేదు. రొయ్యల చెరువులు చూసి రావడానికి మా నాగాయలంక రైతులం నలుగురం వియత్నాం బయల్దేరాం. మిగతా ముగ్గురూ ముందుకు వెళ్లిపోయారు. నన్ను మాత్రం పక్కకి రమ్మన్నారు.

ఆఫీసరు బ్యాగు పక్క జేబులోంచి ఒక ఎర్రటి తూటా తీసి టేబుల్ మీద పెట్టారు. చూడగానే గుర్తుపట్టాను. చెరువు మీద వాలే పిట్టల్ని బెదరగొట్టడానికి నాన్నగారు లైసెన్సు తుపాకీని గాల్లోకి పేలుస్తుంటారు. ఆ ఖాళీ తూటాల్ని అమ్మ కడిగి, విభూది నింపి, కొవ్వొత్తి మైనంతో మూతి మూసేస్తుంది. ఇంట్లో ఎవరు ఊరెళ్లినా బ్యాగులో ఒకటి పడాల్సిందే.

ఆయన మైనం గీకి, లోపలి పొడిని కాగితం మీద ఒంపారు.

"ఏంటండీ ఇది?"

"విభూదండీ. మా అమ్మ పెట్టింది."

"తూటాలోనా?"

తుపాకీ సంగతంతా చెప్పి ఇంటికి ఫోన్ చేశాను. నాన్నగారి లైసెన్సు ఫొటో వాట్సాప్‌లో వచ్చేదాకా నిలబడే ఉన్నాను. చివరికి తూటా ఉంచుకుని, నా చేత స్టేట్‌మెంటు రాయించుకుని వదిలారు.

గేటు దగ్గర కూర్చుని అమ్మకి ఫోన్ చేసి కోప్పడ్డాను. అమ్మ తాపీగా అంది.

"పోతే పోయిందిలే నాన్నా. పెద్ద బ్యాగులో ఇంకోటి పెట్టాను."

పెద్ద బ్యాగు ఎప్పుడో బెల్టు మీద వెళ్లిపోయింది. విమానానికి ఇంకా నలభై నిమిషాలుంది. మైకులో ఎవరి పేరు పిలిచినా నాదే అనిపిస్తోంది. మీరైతే పిలిచేదాకా కూర్చుంటారా? నేను ఇది పోస్టు చేసి ఆ ఆఫీసరు దగ్గరికే వెళ్తున్నాను. ఇలాంటివి ఇంకెక్కడా లేవని ఇందాక రాసి సంతకం పెట్టింది నేనే.