బెండతోటలో ‘సేంద్రియ’ సీసా

మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో ఒక తెలుగు పత్రిక విలేకరిగా నా చివరి ఏడాది అది. ఆగస్టులో ఆదివారం అనుబంధం డెస్క్ ఒక కథనం అడిగింది: సేంద్రియ కూరగాయలకు ఎక్కువ ధర పెట్టడం దండగా, కాదా? ఇలాంటి కథనానికి మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. పండించేవాడు, కొనేవాడు, డాక్టరు, వ్యవసాయ అధికారి నలుగురూ మాట్లాడాలి. ఒక ఫొటో ఉండాలి.

పండించేవాడి కోసం విరూర్ దగ్గరి ఒక ఊళ్లో పోశెట్టిని ఎంచుకున్నాను. అరెకరంలో బెండ వేసి, మందులు కొట్టకుండా పండించి, ప్రతి ఆదివారం చంద్రపూర్‌లో అమ్మేవాడు. నేను వెళ్లేసరికి డ్రమ్ములో పేడ, గోమూత్రం, బెల్లం కలిపిన ద్రావణాన్ని మోచేతి దాకా చేయి పెట్టి కలుపుతున్నాడు. హాని ఏమీ లేదా అని అడిగాను. వేలు ముంచి నాలుకకు రాసుకున్నాడు.

“నా బిడ్డకు పెట్టేదే బజార్ల అమ్ముత సారు. గింతకన్న ఏం జెప్పాలె?”

ఆ క్షణాన్నే ఫొటో తీశాను. కథనంలో అదే పెద్దగా వచ్చింది. తాలూకా కేంద్రంలోని ఒక పురుగుమందుల దుకాణదారు దాన్ని కత్తిరించి కౌంటరు అద్దానికి అంటించాడని, పోశెట్టిని పిలిచి కొత్త సేంద్రియ మందు అంటూ ఒక సీసా ఉచితంగా ఇచ్చాడని నాకు తర్వాత తెలిసింది.

పది రోజులకు, ఒక శనివారం మధ్యాహ్నం పోశెట్టి భార్య లచ్చవ్వ ఫోన్ చేసింది. భర్తను రాజురా నుంచి చంద్రపూర్ ఆసుపత్రికి పంపారట. అక్కడ అతను పురుగుమందు తాగాడని అంటున్నారట.

నేను వెళ్లేసరికి విరుగుడు ఇంజక్షన్లు మొదలయ్యాయి. పోశెట్టి నోటి నుంచి చొంగ కారుతోంది, ఒళ్లంతా చెమట, కంటిపాపలు ఆవగింజలంత అయ్యాయి. ఇవి పురుగుమందు విషం లక్షణాలని, తాగి వచ్చే రైతులను వారం వారం చూస్తూనే ఉన్నానని డ్యూటీ డాక్టరు మరాఠీలో చెప్పాడు. అలాంటి కేసును పోలీసులకు తెలపడం నిబంధన. ఆ కాగితం అప్పటికే రాస్తున్నాడు. లచ్చవ్వ డాక్టరు బల్ల దగ్గర నుంచి కదలలేదు.

“తాగలె సారు. తాగెటోడు పొద్దుగాల లేసి చాయ్‌ల చక్కెర తక్కువైందని నాతోని కొట్లాడ్తడా? మేం మందు కొట్టనే కొట్టం. పేపర్ల నువ్వే రాస్తివి గద, జర డాక్టర్ సాబ్‌కు జెప్పు.”

మరి ఈ రోజు కొట్టింది ఏమిటని అడిగాను. సంచిలోంచి సీసా తీసింది. లేబుల్ మీద మరాఠీలో ‘సేంద్రియ’ అని, కింద వేపనూనె, మొక్కల సారం అని ఉంది. పోశెట్టి దాన్ని కూడా డ్రమ్ములో పోసి, ఎప్పటిలాగే చేత్తో కలిపాడు. ముక్కుకు గుడ్డ కట్టుకోలేదు. డాక్టరు మూత తీసి వాసన చూసి, ఇది వేపనూనె కాదంటూ వెంటనే బిగించేశాడు. రాస్తున్న కాగితంలో తాగినట్టు ఉన్న మాట కొట్టేసి, పిచికారీ చేస్తుండగా అని మార్చాడు.

చీకటి పడే వేళకు పోశెట్టికి మాట వచ్చింది. మొదట అడిగింది తన సంగతి కాదు.

“బెండకాయ యాడున్నది?”

లచ్చవ్వ ముఖం తెల్లబోయింది. సగం తోటకు శుక్రవారం సాయంత్రమే ఆ మందు కొట్టి, మిగతా సగానికి శనివారం పొద్దున కొట్టారట. శనివారం తెల్లారగట్ల ఆమె ఆ సగంలోనే కాయలు కోసి, తమ్ముడి చేత రైల్లో పంపింది. రసాయన మందు కొట్టిన రైతు కొన్ని రోజులు ఆగి కోస్తాడు. ఎన్ని రోజులు ఆగాలో లేబుల్ మీదే ఉంటుంది. ఈ సీసా మీద ఆ గడువే లేదు. సేంద్రియం అనుకున్నారు కాబట్టి వాళ్లు ఒక్క రోజు కూడా ఆగలేదు. విషం భయంతో ఎక్కువ ధర పెట్టే ఇళ్లకే మర్నాడు ఆ కాయలు వెళ్తాయి. అది అర్థమవగానే పెన్ను జేబులో పెట్టి, గంపలు ఎక్కడ దిగుతాయో లచ్చవ్వను అడిగాను.

గంపలు చంద్రపూర్‌లోనే లాల్‌పేట్‌లో, ఆదివారం పోశెట్టి కూరగాయల దుకాణం చూసే రాజమ్మ ఇంట్లో దిగుతాయి. నేను వెళ్లేసరికి రెండు గంపలూ కట్టు విప్పి ఉన్నాయి. ఎవరికైనా ఇచ్చారా అని అడిగాను. పక్కింటి కోడలు కిలో తీసుకుపోయిందని, బాలింత కాబట్టి మంచివి ఏరి ఇచ్చానని చెప్పింది. సంగతి చెప్తే నమ్మలేదు.

“కడిగితె పోతది తియ్ అన్నా. పోశెట్టి బెండకాయనే గద.”

నేనే పక్కింటికి పరుగెత్తాను. బెండకాయలు తరిగి, మూకుట్లో వేసి ఉన్నాయి. ఇంకా ఎవరూ తినలేదు. నేను పొయ్యి ఆర్పుతుంటే ఆ అమ్మాయి బిడ్డను ఒడిలో పెట్టుకుని నన్నొక పిచ్చివాణ్ని చూసినట్టు చూసింది.

మూత తీసిన సీసా నమూనాగా చెల్లదు. అందుకే సోమవారం తాలూకా వ్యవసాయ అధికారి ఆ దుకాణంలో అదే బ్యాచ్ సీసాలు తీసుకుని, నమూనాను మూడు భాగాలు చేసి సీలు వేశాడు. ఒకటి దుకాణదారుకు, ఒకటి ప్రయోగశాలకు, మూడోది కోర్టు అవసరానికి. నివేదిక రావడానికి చాలా వారాలు పట్టింది. లేబుల్‌లో లేని పురుగుమందు రసాయనం అందులో ఉంది. బెండకాయలను మాత్రం ఎవరూ పరీక్షించలేదు. రాజమ్మ చివరికి నా మాట విని, గంపలు రెండూ ఆ రాత్రే గోతిలో పూడ్పించింది. అందువల్ల వాటి మీద విషం ఉందని నేను ఎక్కడా రాయలేదు.

పోశెట్టి బతికాడు. ఇప్పటికీ బెండే వేస్తాడు, ఇంట్లో తయారైనది తప్ప బయటి సీసా ఏదీ తోటలోకి రానివ్వడు. సేంద్రియ కూరగాయలు కొనడం మంచిదేనా అని నన్ను ఇప్పటికీ అడుగుతుంటారు. మంచిదే, కానీ అమ్మేవాణ్ని రెండు మాటలు అడగాలి: ఏం కొట్టావు, అది ఎవరి తయారీ? ఆ ఆగస్టులో నేను ఈ రెండోది అడగలేదు; అడిగి రాసి ఉంటే, ఆ సీసా వచ్చినప్పుడు పోశెట్టికీ అదే ప్రశ్న తట్టేదేమో. పోశెట్టి నాతో అబద్ధం ఆడలేదు, నేను పాఠకులకు అబద్ధం రాయలేదు. రైతు నిజాయితీని సరుకుకు పరీక్షగా చూపించాను. పేపర్లో తప్పు అచ్చయితే మర్నాడు సవరణ వేస్తాం, ఆ పొరపాటుకు మాత్రం మా పద్ధతిలో సవరణ వేసే చోటు లేదు.