కొండ మీద నేను కోసేసిన సెకన్లు

ఆయన కింద ఒక పాప ఉంది. ఆ మాట చెప్పవలసిన రోజున నేను చెప్పలేదు. నన్ను నోరారా తమ్ముడూ అని పిలిచే ఒకావిడ, ఐర్లండ్‌లోని నేవన్ ఊళ్ళో తన వంటింట్లో నిలబడి, నా కళ్ళలోకి చూసి అడిగినప్పుడు చెప్పి ఉంటే రెండు నిమిషాల్లో తేలిపోయేది. పదమూడేళ్ళు పట్టింది.

పోయిన నెల ఇక్కడి తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో, కొత్తగా వచ్చినాయన ఒకరు, ఐర్లండ్ కొండల్లో నడవడానికి వెళ్ళేవాళ్ళు అడవి జంతువుల నుంచి రక్షణకి తుపాకీ దగ్గర పెట్టుకోవాలా అని చాలా మర్యాదగా అడిగారు. పది నిమిషాల్లో నవ్వు బొమ్మలు వరదలా వచ్చి పడ్డాయి. గొర్రెలు కరుస్తాయి జాగ్రత్త అని ఒకరు, ఫిరంగి అయితే ఇంకా మంచిది మాస్టారూ అని మరొకరు. అంతలో ఇంకెవరో, తుపాకీ లేకుండా వెళ్తే ఇలా అవుతుంది అని రాసి ఒక వీడియో పెట్టారు. నీలం వానకోటు వేసుకున్న మనిషి బురదలో బోర్లా పడుకుని, మెడ వెనక రెండు చేతులూ ముడేసుకుని వణికిపోతుంటాడు. పక్కన ఎవరో పగలబడి నవ్వుతూ, "బావా, తుపాకీ తెమ్మంటావా?" అంటుంటారు. అంతే, పద్నాలుగు సెకన్లు. ఆ నవ్వు నాది. ఆ ఫోనూ నాదే.

మేము ఈ దేశం వచ్చిన తొలినాళ్ళు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. కరివేపాకు రెబ్బ కోసం డబ్లిన్ దాకా పోయిన రోజులు, ఎదురింట్లో తెలుగు మాట వినిపిస్తే చెప్పులు వేసుకోకుండా పరిగెత్తిన రోజులు. మేముండే ఎస్టేట్ అనే ఇళ్ళ కాలనీలో మూడిళ్ళ అవతల దిగిన ఆవిడ మా అమ్మ పుట్టిన ఊరి ఆడపిల్ల అని తెలిసిన రోజు, చుట్టరికం ఏమీ లేకపోయినా నేను అక్కా అన్నాను, ఆవిడ తమ్ముడూ అంది. ఆవిడ భర్త నాకు బావ అయిపోయాడు. అక్క వృద్ధుల సంరక్షణ గృహంలో నర్సు. బావ ఆవిడ వీసా మీద వచ్చినవాడు. ఉద్యోగం ఇంకా దొరకలేదు, నాలుగేళ్ళ పాపని చూసుకుంటూ, వండుతూ ఇంట్లో ఉండేవాడు. సాఫ్ట్‌వేర్ వాళ్ళమన్న మిడిసిపాటు మాకు ఉండేది. ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా, ఉండేది. పెళ్ళాం సంపాదిస్తే అన్నం వండే మగాడంటే మాకు ముందునుంచే కాస్త లోకువ.

పైగా బావ. మన వైపు బావని ఆట పట్టించడం బావమరిది హక్కు కదా. పెళ్ళిలో చెప్పులు దాస్తాం, పాన్పు కింద అప్పడాలు పెడతాం, కాఫీలో ఉప్పు వేస్తాం, ఆయన నవ్వాలి. నవ్వకపోతే మనిషే కాదంటాం. ఏ హింసనైనా వేళాకోళం అన్న మూటలో కట్టి ఇవ్వడానికి ఆ వరస ఎంత వీలైనదో నాకు అప్పట్లో తెలియదు. తెలిసీ వాడుకున్నానని ఇప్పుడనిపిస్తుంది.

ఒక సెలవు వారం స్లైగో వైపు కొండలకి వెళ్దామని నేనూ మా తోడల్లుడూ అనుకుని, బావనీ పాపనీ రమ్మన్నాం. అక్కకి డ్యూటీ ఉంది. ఆ సాయంత్రం బావ మా ఇంటికొచ్చి, టీ తాగుతూ తాగుతూ గొంతు తగ్గించి అడిగాడు.

"ఇక్కడ కొండెక్కాలంటే తుపాకీ గానీ ఉండాలేటి?"

మా తోడల్లుడికి పొలమారింది. "తుపాకీయా? ఎవర్ని కాలుస్తావు బావా, గొర్రెల్నా?"

"మీరు నవ్వుతారు గానీ, నా ఒక్కడికైతే అడుగుదునా? పాప వస్తాది కదా."

ఆ ప్రశ్నలో నవ్వడానికి ఏమీ లేదని ఆ గదిలో నా ఒక్కడికే తెలుసు. ఆయనది ఉద్దానం, జీడితోటల దేశం. తెల్లవారుజామున తోటకి వెళ్ళేవాళ్ళు పళ్ళెం మీద గరిటెతో కొట్టుకుంటూ, కేకలేసుకుంటూ వెళ్తారట. ఎలుగుబంటికి మనిషి అలికిడి ముందే తెలిస్తే తప్పుకుంటుంది, ఎదురుపడితే మాత్రం వదలదు. తొమ్మిదేళ్ళప్పుడు బావ తన మేనమామతో తోటకి వెళ్తే, పిల్లతో ఉన్న ఎలుగు ఎదురుపడిందట. మేనమామ ఈ పిల్లాడిని నేల మీద పడేసి, పైన బోర్లా పడుకుని, మెడ మీద చేతులు వేసుకున్నాడట. బావకి గీత కూడా పడలేదు. మేనమామ నాలుగో రోజు ఆస్పత్రిలో పోయాడు. ఈ కథ బావ నాకు అంతకు ముందే ఒక మధ్యాహ్నం, పాపకి అన్నం తినిపిస్తూ, తల ఎత్తకుండా చెప్పాడు. ఎవరికీ చెప్పకు, జాలి పడతారు అన్నాడు.

నిజానికి ఆయనకి చెప్పవలసిన జవాబు చాలా చిన్నది. ఈ దేశపు కొండల్లో ఎలుగుబంట్లు లేవు, తోడేళ్ళు ఏనాడో అంతరించాయి, పాము కూడా లేదు. ఆత్మరక్షణకని తుపాకీ అడిగితే ఇవ్వరు. దూడతో ఉన్న ఆవుకి కాస్త దూరంగా నడవాలి, మంచు దిగితే వెనక్కి తిరగాలి, ఇంటికొచ్చాక కాళ్ళకి పిడుదులు పట్టాయేమో చూసుకోవాలి. అంతకు మించి భయం లేదు. ఇది చెప్పి ఆయన భుజం మీద చెయ్యి వేస్తే సరిపోయేది. నేనేమన్నానంటే, "తుపాకీ గార్డులు ఇవ్వరు బావా, కానీ ఎలుగులు మాత్రం ఒకటీ అరా ఉన్నాయంటారు." గార్డులంటే ఇక్కడి పోలీసులు. వాళ్ళ పేరు కలిపితే అబద్ధానికి బరువొస్తుందని కలిపాను.

అయినా వచ్చాడు. పాపకి కొండ చూపిస్తానని మాటిచ్చాడట. స్టీలు పళ్ళెం, గరిటె తెచ్చుకున్నాడు. మంచుతెర పలచగా పరుచుకున్న ఆ దారంతా పళ్ళెం వాయిస్తూ, హో హో అని కేకలేస్తూ నడిచాడు. వీపు మీద రంగు గుర్తులున్న గొర్రెలు తలెత్తి చూశాయి. ఎదురొచ్చిన ఒక ముసలి జంట ఆగి, పళ్ళెం వైపు చూసి, ఏమీ అడగకుండా గ్రాండ్ డే అని పలకరించి వెళ్ళారు. బావ కూడా గ్రాండ్ గ్రాండ్ అన్నాడు. పాప తండ్రి చెయ్యి పట్టుకుని తనూ హో హో అంటోంది. ఇప్పుడు తలుచుకుంటే ఆ కొండ మీద ఆ రోజు అంత ముచ్చటైన దృశ్యం ఇంకొకటి లేదు. మాకు మాత్రం పరువు తక్కువగా అనిపించింది.

మా తోడల్లుడు ముందుగా నడిచి, నడుమెత్తు పొదల వెనక కూర్చున్నాడు. వాడి సంచీలో చేతిలో ఇమిడే స్పీకరు. అందులో పెట్టవలసిన అరుపుని నేనే ముందు రోజు వెతికి పెట్టాను. సింహం, పులి, తోడేలు అన్నీ ఉన్నాయి. నేను ఎలుగునే ఎంచుకున్నాను. పిల్లతో ఉన్న ఎలుగు అరుపు కోసం ఇంకో పావుగంట వెతికాను. నేను చేసిన పనులన్నిటిలో ఈ పావుగంటని మాత్రం ఎవరి మీదా నెట్టలేను.

అరుపు వినపడగానే బావ పళ్ళెం వదిలేశాడు. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. పాపని లాగి బురదలో పడుకోబెట్టి, దాని మీద తను పడుకుని, వానకోటు రెండు వైపులా రెక్కల్లా పరిచి, మెడ మీద చేతులు వేసుకున్నాడు. పాప ఆయన కింద పూర్తిగా దాగిపోయింది, కాలి బూటు కూడా కనిపించలేదు. నేను అప్పటికే వీడియో మొదలుపెట్టిన ఫోను పట్టుకుని చుట్టూ తిరుగుతూ తీశాను. వణుకుతున్నాడు గానీ కదలడం లేదు. ఏదో అంటున్నాడని దగ్గరకి వెళ్ళి విన్నాను. నన్ను తిను, నన్ను తిను అంటున్నాడు. అది విన్నాక కూడా, తుపాకీ తెమ్మంటావా అని అడిగాను.

మా తోడల్లుడు నవ్వుకుంటూ పొదల్లోంచి లేచి వచ్చాక, బావ మోచేతుల మీద మెల్లగా లేచి, కోటు కిందనుంచి పాపని తీశాడు. అది ముఖమంతా బురదతో, నోరు తెరిచి, శబ్దం రాకుండా ఏడుస్తోంది. బావ మమ్మల్ని తిట్టలేదు. తన చొక్కా అంచుతో దాని ముఖం తుడిచి, పోయిందమ్మా, ఎలుగు పోయింది అన్నాడు.

ఆ రాత్రి పూర్తి వీడియో చూశాను. మొదట్లో పాపని లాగడం, చివర్లో పాపని తీయడం ఉన్నాయి. పాప కనిపిస్తే నవ్వు రాదు. అందుకని ఆ రెండు వైపులా కోసేసి, మధ్య ముక్క నలుగురు స్నేహితులకి పంపాను. మర్నాటి సాయంత్రానికి కార్క్ నుంచి గాల్వే దాకా తెలుగువాళ్ళందరి ఫోన్లలో అది ఉంది. ఆయనకి ఎలుగు బావ అని పేరు పడింది.

రెండో రోజు అక్క నన్ను వంటింట్లోకి పిలిచింది. బావ పక్క గదిలో పాప బట్టలు మడత పెడుతున్నాడు. ఆవిడ ఫోను నా ముందు పెట్టి, నెమ్మదిగా అడిగింది.

"ఈయన ఇలా పడుకున్నప్పుడు నా పాప ఎక్కడుంది తమ్ముడూ? తన కిందే ఉందంటన్నారు. నిజవేనా?"

నిజమంటే, నాలుగేళ్ళ పిల్లని అంత భయపెట్టిన పాపం నాది అవుతుంది. ఆ లెక్క వేసుకోవడానికి నాకు ఒక గుటక పట్టింది. "పాప మా దగ్గరే ఉందక్కా, భయం లేదు" అన్నాను. పక్క గదిలో చప్పుడు ఆగిపోయింది. ఆయన విన్నాడు. వచ్చి నా చొక్కా పట్టుకుంటాడనుకున్నాను. రాలేదు. కాసేపటికి బట్టలు దులిపే చప్పుడు మళ్ళీ మొదలైంది.

ఆ తర్వాత అక్క పాపని ఆయన దగ్గర వదిలి డ్యూటీకి వెళ్ళలేదు. పిల్లల్ని చూసుకునే ఒక ఐరిష్ ఆవిడని కుదుర్చుకుంది. బావ ఒక గోదాములో పనికి చేరాడు. పండగలకి హాలులో అందరం కలిస్తే, పెద్దవాళ్ళు కూడా ఆయన ప్లేటు పట్టుకుని వెళ్తుంటే వెనకనుంచి గుర్రుమనేవారు. నేనూ గుర్రుమన్నాను, ఒకటి రెండుసార్లు కాదు. ఏడాది తిరక్కుండా అక్కకి కిల్కెన్నీ ఆస్పత్రిలో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయారు. పూర్తి వీడియో ఉన్న ఫోనుని నేను మరుసటి ఏడు మార్చేశాను. ఇప్పుడు వెతికితే లోకంలో మిగిలింది ఆ పద్నాలుగు సెకన్లే. జరిగినదానికి సాక్ష్యం లేదు, మా ఇద్దరి నోళ్ళు తప్ప.

గ్రూపులో అది మళ్ళీ కనిపించిన రోజున మా తోడల్లుడికి ఫోను చేశాను. "వదిలెయ్ బ్రదర్, జోకది. ఇప్పుడెందుకు తవ్వడం" అన్నాడు. ఆ శనివారం నేనొక్కడినే కిల్కెన్నీ బయలుదేరాను. దారిలో ఒక కొండ మొదట్లో మన తెలుగువాళ్ళ నడక బృందం కనిపించింది. ఒకే రంగు టీషర్టులు, ఈలలు, ముందొక నాయకుడు, మధ్యలో పిల్లలు. మా రోజుల్లో నలుగురం దొరికితే అదే చుట్టరికం, పరాయి దేశంలో వరసలు కలుపుకుని బతికాం, ఆ వెచ్చదనం ఇప్పటివాళ్ళకి లేదని నేనూ చాలాసార్లు నిట్టూర్చాను. ఈ పిల్లలకి అందరూ అంకుల్, ఆంటీయే. బావ అన్న మాట తెలియదు. పోనీ, తెలియకపోవడమే మంచిదేమో అని ఆ రోజు మొదటిసారి అనిపించింది.

తలుపు తీసింది బావే. జుట్టంతా నెరిసింది. లోపలికి రమ్మని, కెటిల్ పెట్టి, ఇక్కడివాళ్ళు ప్రెస్ అనే అల్మరాలోంచి కప్పులు తీశాడు. అక్క డ్యూటీ బట్టల్లోనే ఉంది. పాపకి పదిహేడేళ్ళు. బల్ల మీద పరీక్షల పుస్తకాలు పరుచుకుని, నన్ను గుర్తుపట్టక, హాయ్ అంది. నేను కూర్చోలేదు. ఎంచుకున్న అరుపు దగ్గర్నుంచి వంటింట్లో ఆడిన అబద్ధం దాకా వరసగా చెప్పాను. చెబుతున్నంతసేపూ అక్క నా వైపు చూడలేదు, ఆయన వైపే చూస్తోంది. చివరికి ఆయన్నే అడిగింది.

"మరి నువ్వెందుకు సెప్పలేదు నాకు?"

"సెప్పినాను కదే" అన్నాడు బావ, కప్పులో పాలు పోస్తూ. "నువ్వు వీడియో సూపించావు."

అక్క గోడకి ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుంది. నేను బావ కాళ్ళు పట్టుకోబోతే ఆయన వెనక్కి జరిగాడు. కోపంతో కాదు, ఏదైనా మీద పడుతుంటే జరిగినట్టు. ఆ అమ్మాయి పెన్ను కింద పెట్టింది. దానికి తెలుగు అర్థమవుతుంది.

"ఐ సా దట్ వీడియో ఇన్ సిక్స్త్ క్లాస్" అంది. "దే ప్లేడ్ ఇట్ ఆన్ ద బస్." పుస్తకం మూసి నా వైపు తిరిగింది. "సే ఇట్ ఇన్ ఇంగ్లిష్. టు మీ."

అప్పటికి నేను బావా, అక్కా అంటూ చెప్పిందంతా ఏడుపూ వరసలూ కలిసిన మాట. ఇంగ్లిష్‌లో ఆ పిల్లకి చెప్పడానికి నా దగ్గర ఏ వరసా లేదు. మీ నాన్న నిన్ను వదిలేసి పడుకోలేదు, నిన్ను కింద పెట్టుకుని నీకు రావలసిన చావు తనకి రమ్మన్నాడు, అది నేను చూశాను, చూసి కోసేశాను, మీ అమ్మ అడిగితే అబద్ధం చెప్పాను, నువ్వు నీ తండ్రిని చూసి సిగ్గుపడ్డ ప్రతిరోజుకీ కారణం నేను, నన్ను క్షమించమని అడగడానికి వచ్చాను, క్షమించకపోయినా ఇది మాత్రం నమ్ము అని, ఒక్కొక్క మాటా ఆపి ఆపి, ఆమె ముఖంలోకి చూస్తూ చెప్పాను.