అత్తమ్మ పూయని గోడలు

వరంగల్ కోట వెనక మా వాడలో అన్నీ మట్టిగోడల ఇళ్లే. గోడలు పూయడంలో మా అత్తమ్మదే పేరు. బతుకమ్మ పండుగ దగ్గరపడితే ఎర్రమట్టి నానబెట్టి, పేడ కలిపి, ఇల్లంతా నున్నగా పూసేది. చుట్టుపక్కల ఆడవాళ్లు వచ్చి నిమిరి చూసిపోయేవాళ్లు.

ఏటా వానాకాలంలో దోమల మందు కొట్టేవాళ్లు వచ్చి లోపలి గోడలకు డీడీటీ కొట్టేవాళ్లు. తెల్లటి చారలు, ఒకటే వాసన. పండుగకు వాటి మీద మట్టి పూసేసేవాళ్లం. అట్లా పూసుకున్న ఒక పండుగ తర్వాతే నాకు చలిజ్వరం వచ్చింది. దవాఖానకు తీసుకుపోయారు. నేను బతికాను కానీ కడుపు నిలవలేదు.

మరుసటి ఏడు వానాకాలానికి నాకు మళ్లీ కడుపు, ఐదో నెల. మందు కొట్టే ఆయన పంపు దించి అత్తమ్మకు చెప్పాడు:

"అవ్వా, లోపటి గోడలు పూయకుండ్రి. దోమ కుట్టినంక గోడ మీదనే వాల్తది, మందు తగిలితెనే సస్తది. మీరు మీదికెల్లి మట్టి పూస్తె మేం కొట్టి ఏం ఫాయిదా?"

"పండుగకు పూయకుంటె నలుగురు నవ్వరా బిడ్డా?"

"నవ్వనీ. ఇంట్ల కడుపుతోని ఉన్న పిల్ల ఉన్నది గద."

ఆ ఏడు పండుగకు అత్తమ్మ నానబెట్టిన మట్టి అరుగుకూ బయటి గోడకూ మాత్రమే పూసి, చేతులు కడుక్కుంది.

పండుగకు వచ్చిన మా ఆడబిడ్డ గడపలోనే ఆగిపోయింది.

"ఏందవ్వా, ఇల్లు గిట్లున్నది? చేతులు పడిపోయినయా?"

"నా చేతులు మంచిగనే ఉన్నయి. కాళ్లు కడుక్కొని రా. గోడకు ఆనుకోకు, మందు పోతది."

నాకు నవ్వాగలేదు. ఆ ఏడు జ్వరం నా దగ్గరికి రాలేదు. చలికాలం మొదట్లో పాప పుట్టింది.

తర్వాతి ఏడు ఎండలు ఉండగానే అత్తమ్మ లోపలి గోడలు పూసేసింది. పూసి ఊరుకుందా, ఇల్లిల్లూ తిరిగింది. "మట్టి ముందుగాల పూసుకోండ్రే. మందు దాని మీద కొట్టిచ్చుకుందాం."

మందు ఆయన వచ్చేసరికి వాడంతా మంచాలు, కుండలు, బట్టల మూటలు వాకిట్లోకి చేరాయి. అత్తమ్మ మనవరాలిని చంకనేసుకుని వాకిట్లో నిలబడి లోపలికి కేకేసింది:

"దూలం పక్కపొంటి కొట్టినవా బిడ్డా? ఆ మూల విడిచిపెట్టకు!"

"అవ్వా, పంపు నువ్వే పట్టుకుంటవా?"

"పట్టుకుందును గని, సంకల పిల్లున్నది గద!"